‘బాసు లేడు’ పద్యం: టీక, తాత్పర్యం, విశేషాలు

అవతారిక

ఈ పద్యం రాసిందెవరో తెలియదు. తాటాకుల్లో ఎక్కడా దొరకలేదు. కరెంటు స్తంభాల మీదా, ఆటోల వెనకా, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లోనూ ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అన్న ముద్రతో మాత్రం కోకొల్లలుగా తిరుగుతోంది. ఆ ముద్ర ప్రామాణ్యానికి గుర్తని కొందరంటారు, పోలీసులకు చెప్పాల్సిన గుర్తని మరికొందరంటారు. టీకాకారుడు ఇద్దరి మాటా వినాలి.

ఛందస్సు ఆటవెలది. వేమన పుణ్యమా అని ఆటవెలదిలో ఏం చెప్పినా తెలుగువాడికి నిజమేననిపిస్తుంది. కవి ఆ ధీమాతోనే దీన్ని ఎంచుకుని ఉంటాడు. శార్దూలంలో చెప్పి ఉంటే ఎవరో ఒకరు అనుమానించి ఉండేవారు.

దీనికి టీక అవసరమా అంటారేమో. మెదకు సీమలోని కొలిచెలిమ వాడైన మల్లినాథసూరి మేఘసందేశానికి టీక రాశాడు. ఆ కావ్యంలో యక్షుడు కొలువులో ఏమరుపాటు పడ్డాడని కుబేరుడు ఏడాది పాటు ఊరు విడిచి పొమ్మంటాడు. అంటే ఆ రోజుల్లో బాసుకు కోపం వస్తే పడే శిక్ష ఇది: ఏడాది ప్రయాణం, కొండ మీద నివాసం, చుట్టూ మబ్బులు, ఆఫీసు మొహం చూడనక్కర్లేదు. ఇవాళ అదే శిక్ష అనుభవించడానికి జనం రాత్రింబవళ్లు పనిచేసి డబ్బు కూడబెడుతున్నారు. వ్యవహారం ఇంతగా తిరగబడ్డాక పాత టీకలు చాలవు.

మూలం

ఇంటి నుండె పనులు ఇష్టమైనపుడెల్ల
నెలకు వేలకొలది నిండు జేబు
కొండ యేటి యొడ్డు గోవా లడాఖులు
బ్యాగు సర్దుకొనుము బాసు లేడు

ప్రతిపదార్థం

ఇంటి నుండె = సొంతిల్లయినా అద్దెవాటా అయినా, వైఫై అందే మూల ఎక్కడుంటే అక్కడి నుంచే, గడప దాటకుండానే; పనులు = ఒకటి కాక నాలుగైదు తీరుల కొలువులు; ఇష్టమైనపుడెల్ల = మనసైనప్పుడల్లా (ఎవరి మనసన్నది విశేషాల్లో తేలుతుంది); నెలకు = ముప్పై రోజులకొకసారి, లేదా అరవై రోజులకు, లేదా మూడుసార్లు గుర్తుచేశాక; వేలకొలది = వేలతో లెక్కపెట్టదగిన; నిండు జేబు = బరువెక్కిన జేబు (ఎవరిదన్నదీ విశేషాల్లోనే); కొండ = కొండ; యేటి యొడ్డు = నది గట్టు, సిగ్నల్ ఉన్నది; గోవా = గోవా; లడాఖులు = లడాఖు మొదలైన చోట్లు, బహువచనం ‘మొదలైన’ అన్న అర్థాన్ని సూచిస్తుంది; బ్యాగు = వీపున తగిలించుకునే సంచీ, ల్యాప్‌టాప్‌కు విడిగా అర ఉన్నది; సర్దుకొనుము = సర్దుకో; బాసు = మేనేజరు, టీమ్ లీడు, ప్రొప్రయిటరు మున్నగువాడు; లేడు = లేడు.

తాత్పర్యం

ఓ జనులారా! ఇంట్లో కూర్చుని మీకు తోచినప్పుడు నాలుగు పనులు చేసుకుంటే నెలనెలా వేలు వస్తాయి. ఆ వేలతో కొండలూ నదులూ చూడవచ్చు. అడిగేవాడు లేడు. కనుక బయల్దేరండి అని భావం.

విశేషాలు

ఇంటి నుండె. ఇక్కడ ఏవకారం ముఖ్యం. ఇంటి నుంచి కూడా అనలేదు, ఇంటి నుంచే అన్నాడు. ఈ మాట నిన్నమొన్నటిదని నమ్మే పండితులున్నారు. 1973లో అమెరికాలో జాక్ నిల్స్ ‘టెలికమ్యూటింగ్’ అనే పేరు పెట్టాడు. 1997లో మాకిమోటో, మానర్స్ అనే ఇద్దరు కలిసి ‘డిజిటల్ నోమాడ్’ అని ఏకంగా పుస్తకం రాశారు. 2020లో ఎస్తోనియా దేశం అలాంటి సంచారుల కోసం విడిగా వీసానే పెట్టింది. ఇంతవరకూ చెప్పి పండితులు ఆగిపోతారు. వీళ్లందరికీ ముందున్న నరసాపురం సంగతి ఎత్తరు.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో, పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇంటింటికీ పాకింది. ఏజెంటు దారం తెచ్చి ఇచ్చేవాడు. ఆడవాళ్లు అరుగు మీదో పెరటి వసారాలోనో కూర్చుని అల్లేవాళ్లు. అయినదాన్ని లెక్కపెట్టి, ఇంతకింత అని కూలి కట్టి, ఏజెంటే పట్టుకుపోయేవాడు. అక్కణ్నుంచి ఎగుమతిదారు, తరవాత ఓడ, ఓడ దిగాక ఏ దొరగారింట్లోనో భోజనాల బల్ల. అల్లినావిడ గడప దాటకపోవడమే గౌరవమనుకున్న ఇళ్లు అవి. అల్లిక మాత్రం సముద్రాలు దాటింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో పరిశోధన చేసి 1982లో ఆంగ్లంలో పుస్తకం వేసింది. ఆవిడ పట్టుకున్న కిటుకు ఇది: పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా సూది కదులుతూనే ఉంటుంది, అయినా దాన్ని ఎవరూ పని అనరు. వంటావార్పూ అయ్యాక ఖాళీగా ఉండలేక చేసుకునే కాలక్షేపం అంటారు. కాలక్షేపానికి ఎక్కువ కూలి ఎవరిస్తారు?

ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ‘తీరిక వేళల్లో సంపాదించండి’ అన్న ప్రకటన ఎక్కడ కనబడ్డా అది నరసాపురం అరుగు మీద మొదలైన వాక్యమని మాత్రం టీకాకారుడి మనవి.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లదీ ఇదే తోవ. ఒళ్లో చేట, చేటలో తునికాకు, కత్తెర, తంబాకు. కూలి వెయ్యి బీడీలకింత. కాకపోతే అక్కడ ఒక తేడా ఉంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికురాలనే అంది. ఆ తరవాత పీఎఫ్ కూడా వచ్చింది. చేట ముందు కూర్చున్న అమ్మకు ఉన్న ఆ పాటి హోదా, అదే ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న బీటెక్ కొడుకుకు లేదు. వాణ్ని కార్మికుడంటే వాడే ఒప్పుకోడు, ఫ్రీలాన్సరంటాడు. ఇళ్లలో చేసే పని కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. అమ్మకూ కొడుకుకూ ఈ విషయంలో మాత్రం సమానత్వం ఉంది.

పనులు ఇష్టమైన. ఉకారం తరవాత అచ్చు వస్తే సంధి నిత్యం. ‘పనులిష్టమైన’ అని ఉండాలి. కవి సంధి చేయలేదు. లాక్షణికులు దీన్ని దోషమంటారు. నాకు మాత్రం ఇది ఈ పద్యంలోకెల్లా నిజాయితీ గల చోటుగా తోస్తుంది: పనులకూ ఇష్టానికీ మధ్య సంధి కుదరలేదు.

పనులేమిటంటే, అనువాదం, సబ్‌టైటిళ్లు, ఆడియో పుస్తకాలకు గొంతివ్వడం, పెళ్లి వీడియోల ఎడిటింగు, ట్యూషన్లు, షాపులవాళ్ల లెక్కలు రాసిపెట్టడం, ఆవకాయ పట్టి కొరియర్లో పంపడం. ఒక్కటి చేస్తే చాలదు కనుక బహువచనం. పనిలో సగం పని బయటికి కనపడదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అనువాదకుడు అనువదించే గంటలు కొన్ని. ‘శాంపిల్‌గా ఒక పేజీ చేసి పంపండి’ అన్నవాళ్లకు ఊరికే చేసి పంపిన గంటలు కొన్ని. ‘రేటు కొంచెం చూసి చెప్పండి’ అన్నవాళ్లతో మాట్లాడిన గంటలు కొన్ని. డబ్బు అడగడానికి మొహమాటపడుతూ మెసేజి టైపు చేసి, చెరిపి, ‘నమస్తే సర్, బాగున్నారా’ అని పంపి ఊరుకున్న గంటలు కొన్ని.

ఈ చివరి గంటలకు శాస్త్రంలో ఒక మందు ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవడం ఉచితం. అలా చేసుకున్నవాళ్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, కాగితం మీద ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ మందు వాడినవాళ్లు తక్కువ. ‘నమస్తే సర్’ అన్నవాళ్లే ఎక్కువ. రెండోసారి పని ఇవ్వరన్న భయానికి ఏ చట్టంలోనూ సెక్షను లేదు మరి.

ఇష్టమైనపుడెల్ల. ఎవరికి ఇష్టమైనప్పుడు? కవి కర్తను చెప్పలేదు. టీకాకారుడి బాధ్యత లోపించినదాన్ని పూరించడం. ఉదాహరణతో పూరిస్తాను.

కాకినాడలో మేడమీద వాటాలో ఉండే ఒకావిడ డల్లాస్ పిల్లలకు తెలుగు చెబుతారు. అక్కడ పిల్లలు బడినుంచి వచ్చి, ఈతకు వెళ్లొచ్చి, ఏదో తిని కూర్చునేది సాయంత్రం ఆరింటికి. ఎండాకాలం లెక్కన అప్పుడు కాకినాడలో మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంటుంది. పక్క గదిలో అత్తగారు లేవకుండా గొంతు తగ్గించాలి. నెత్తిమీద ట్యూబులైటు వేస్తే మొహం పాలిపోయినట్టు కనపడుతుందని స్టడీ ల్యాంపు పక్కకు తిప్పి పెట్టుకుంటారు. ఆరోజు పాఠం వారాల పేర్లు.

“ఇవాళ ఏ వారం నాన్నా?”

“సోమవారం.”

“మంగళవారం కదమ్మా?”

“కాదు మేడమ్, సోమవారం!” అని పిల్లాడు కేలండర్ తెచ్చి కెమెరాకు అడ్డంపెట్టాడు. ఇద్దరూ ఒప్పే. ఆవిడ రేపటి నుంచి ఇవాళ్టి పాఠం చెబుతున్నారు.

ఇది ఇంతటితో ఆగదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఇక్కడ పాఠం ఐదున్నరకు జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. పాఠం నాలుగున్నరకు వస్తుంది. ఫీనిక్స్‌లో ఉన్న పిల్లది అదే సాయంత్రం ఆరింటికి కూర్చుంటుంది. అరిజోనాలో గడియారం తిప్పే ఆనవాయితీ దాదాపు లేదు కనుక ఆ పిల్ల పాఠం ఏడాది పొడుగునా ఆరున్నరకే. డల్లాస్, ఫీనిక్స్ పాఠాల నడుమ ఆవిడకు ఒక కాలంలో గంట ఖాళీ ఎక్కువ దొరుకుతుంది, ఒక కాలంలో తక్కువ. ఆ ఎక్కువ తక్కువలను నిర్ణయించింది అమెరికా కాంగ్రెసు. ఆవిణ్ని అడిగితే ‘నా టైము నా చేతిలోనే ఉందండీ’ అంటారు. నిజమే. పొద్దున ఎనిమిది తరవాత ఎవరికీ అక్కర్లేని టైమంతా ఆవిడ చేతిలోనే ఉంది.

కనుక ఈ పదానికి సరైన అన్వయం: డబ్బిచ్చేవాడికి ఇష్టమైనపుడెల్ల.

నెలకు వేలకొలది. ఇక్కడ గణితం తప్పనిసరి. నెలకు ముప్పై వేలు కావాలనుకున్నవాడు ముప్పైతో భాగించి రోజుకు వెయ్యి అనుకుంటాడు. అనుకుని అదే రేటు చెబుతాడు. శాస్త్రం వేరే రకంగా లెక్కిస్తుంది. ఏడాదికి కావలసింది 3,60,000. ఆదివారాలు, పండగలు, జ్వరాలు, పెళ్లిళ్లు, పద్యంలో చెప్పిన ఆ కొండా ఏరూ తీసేస్తే పని జరిగేది 240 రోజులనుకుందాం. అందులో మూడోవంతు పైన చెప్పిన ‘నమస్తే సర్’ ఖాతాలో పోతుంది. మిగిలినవి 160. భాగిస్తే రోజుకు 2,250. వెయ్యి చెప్పిన నోటితో 2,250 చెప్పగలిగితే పద్యం ఫలిస్తుంది. చెప్పలేకపోతే కొండకు వెళ్లడానికి దాచిన రోజులన్నీ అమ్ముడుపోతాయి. కంపెనీలు ఫీజులో పది శాతం టీడీఎస్ కోసి ఇస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు. కట్టాల్సిన పన్ను అంత లేకపోతే రిటర్ను వేశాక వెనక్కి వస్తుంది. అది కోత అనుకుని రిటర్ను వేయకుండా వదిలేసినవాళ్లే నష్టపోయారు.

నిండు జేబు. షష్ఠీ విభక్తి లేదు. ఎవరి జేబు? ‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, టైపింగ్ పని ఇస్తాం’ అన్నవాడి జేబు అని ఒక వ్యాఖ్య ఉంది. ఫీజు కట్టించుకుని, చదవరాని స్కానింగు పేజీలు ఇచ్చి, తప్పులున్నాయని పని తిప్పికొట్టి, ఒప్పందం మీరారంటూ లాయరు నోటీసు లాంటి కాగితం వాట్సాప్‌లో పంపేవాళ్లు ఆ శాఖ వారు. ‘వీడియోకు లైకు కొట్టండి, యాభై రూపాయలు’ అని మొదలుపెట్టి, మొదటి రోజు నిజంగానే యాభై వేసి, నాలుగో రోజు ‘ప్రీపెయిడ్ టాస్కు’ పేరుతో వేలు లాగేవాళ్లు మరో శాఖ. వీళ్ల విషయంలో సూత్రం ఒక్కటే: పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, పుచ్చుకోడు. ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి.

కొండ యేటి యొడ్డు. గోవా, లడాఖు గురించి వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కనుక టీక అనవసరం. కొండకు మాత్రం అరకు దారి చూపిస్తాను.

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలిస్తారు. శివలింగపురం దాటి రైలు ఘాట్ ఎక్కుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. దారిలో యాభైకి పైగా సొరంగాలు. సబ్‌టైటిళ్లు చేసే కుర్రాడొకడు ఆ పెట్టెలో కిటికీ సీటు సంపాదించాడు. పదకొండింటికల్లా ఫైలు వెళ్లాలి. స్నేహితులు లోయను చూస్తున్నారు. వాడు తెరమీద తిరుగుతున్న గుండ్రాన్ని చూస్తున్నాడు. అరవై ఎనిమిది శాతం అయింది, సొరంగం వచ్చింది, నెట్టు పోయింది. బయటపడ్డాక మళ్లీ మొదటి నుంచి. నలభై, సొరంగం. యాభై ఐదు, సొరంగం. పెట్టెలోని పిల్లలు చీకటి పడ్డప్పుడల్లా కోరస్‌గా కేకపెట్టారు. వాడూ పెట్టాడు, కారణం వేరు. బొర్రా స్టేషన్లో బండి ఆగగానే అందరూ ఫొటోలకు దిగితే వాడు ఫోను పైకెత్తి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు సిగ్నల్ వెతుక్కుంటూ నడిచాడు. అరకు నుంచి తిరిగొచ్చాక లోయ ఎలా ఉందని వాళ్లమ్మ అడిగితే ‘రెండు గీతలు వచ్చిందమ్మా’ అన్నాడట.

ఇంతకీ ఆ సీటు దొరకడమే పెద్ద కథ. 2024 నవంబరు 1 నుంచి రైల్వేవాళ్లు ముందస్తు బుకింగు గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. అరవై రోజుల తరవాత తనకు పని ఉంటుందో ఉండదో తెలియనివాడు టికెట్టు కొనలేడు. పని లేదని తెలిసేసరికి వెయిటింగు లిస్టు వందలు దాటుతుంది. మిగిలింది తత్కాల్: ఏసీకి ముందురోజు పదింటికి, స్లీపరుకు పదకొండింటికి. ఇష్టమైనపుడెల్ల పనిచేసేవాడు కచ్చితంగా గడియారం చూసి కూర్చునేది ఆ ఒక్క వేళకే.

బ్యాగు సర్దుకొనుము. ఇక్కడ పాఠాంతరం ఉంది. ఈ బతుకులో ఏడాది దాటినవాళ్ల ఫోన్లలో దొరికే ప్రతుల్లో ‘బాకి సర్దుకొనుము’ అని కనిపిస్తోంది. యతి చెడలేదు, గణం చెడలేదు. అర్థం కూడా చెడలేదంటే కవిగారు నొచ్చుకుంటారు. ఏది మూలపాఠమో తేల్చడం కష్టం. ముందు బ్యాగు కొన్నవారు కార్డు బిల్లు వచ్చాక రెండో పాఠానికి మారినట్టు సాక్ష్యాలున్నాయి.

‘సర్దుకొనుము’లో శ్లేష స్పష్టం. సామాను సర్దుకో అని ఒక అర్థం. ఉన్నదాంతో సర్దుకో అని రెండోది. ఇంట్లో పనిచేసే కోడలికి పద్యంలోని అన్ని మాటల కంటే ముందు అర్థమయ్యేది ఈ రెండోదే. ‘ఇంట్లోనే ఉంటావు కదా, గ్యాస్ బండ వస్తే తీసుకో’, ‘ఇంట్లోనే ఉంటావు కదా, మామయ్యగారిని ఆస్పత్రికి తీసుకెళ్లు’, ‘ఇంట్లోనే ఉంటావు కదా, పిన్నివాళ్లు నాలుగు రోజులు ఉంటారట’. ఇంటి నుండె అన్నాడు కదా కవి. ఏవకార ఫలం.

బాసు లేడు. ఇది పద్యానికి ఆయువుపట్టు. పద్యం మొత్తంలో మనిషిగా పేర్కొన్నది బాసు ఒక్కణ్నే. ఆ ఒక్కడూ లేడంటున్నాడు.

లేడంటే ఏ విధంగా లేడు? తర్కశాస్త్రంలో అభావం నాలుగు విధాలు. ప్రాగభావమా? అంటే ఇంకా రాలేదు, రేపో మాపో వస్తాడని. పొదుపు అయిపోయి మళ్లీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాళ్ల విషయంలో ఇది చెల్లుతుంది. ప్రధ్వంసాభావమా? నిన్నటి దాకా ఉన్నాడు, రాజీనామా పత్రంతో నశించాడని. కొత్తగా దిగినవాళ్లు మొదటి నెలంతా దీన్నే జపిస్తారు. అత్యంతాభావమా? ఏ కాలంలోనూ లేడని. ఇది తాతల ఆస్తి ఉన్నవాడి విషయంలో తప్ప ఎక్కడా కనబడలేదు.

మిగిలింది అన్యోన్యాభావం. అంటే ఒకటి మరొకటి కాదనడం. కుండ వస్త్రం కాదు, వస్త్రం కుండ కాదు. సిద్ధాంతం ఇదే. క్లయింటు బాసు కాడు. స్టారు రేటింగు బాసు కాదు. తన వాటా కోసుకుని మిగతాది ఇచ్చే వెబ్‌సైటు బాసు కాదు. పదకొండింటికి ఫైలు కావాలన్న స్టూడియో బాసు కాదు. కరెంటాఫీసు బాసు కాదు. వీళ్లలో ఎవరిని నిలదీసినా ‘అయ్యో, మేం మీ బాసులం కామండీ, మీరు ఇండిపెండెంటు’ అనే అంటారు. నిజమే చెబుతారు. బాసు చేసే పనులన్నీ తలా కొంచెం పంచుకుని చేస్తారు. గడువు పెట్టేది ఒకరు, తప్పులు పట్టేది ఒకరు, మార్కులు వేసేది ఒకరు, జీతం ఆపేది ఒకరు.

పంచుకోగా ఒక్క పని మాత్రం ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది: సెలవు మంజూరు చేయడం.

పూర్వపక్షి అంటాడు: సెలవు అడగనక్కర్లేకపోవడమే కదయ్యా స్వేచ్ఛ? దీనికి సమాధానం ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే నేటి మన అనువాదకుడి కులపెద్ద. కొలువులో ఉండగానే సెలవు తీసుకుని 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. బోయీలూ వంటవాళ్లూ బంధువులూ కలిపి వందమంది దాకా వెంట ఉన్నారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. దారిలో చూసినదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాశాడు. అదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. పదిహేను నెలల పైచిలుకు రోడ్డు మీద ఉండి, ఊరూరా బియ్యం ధరలూ నీటి రుచులూ కులాచారాలూ అంత నింపాదిగా గమనించి రాయగలిగాడంటే ఒక కారణం, కోర్టు వ్యవహారం కోర్టు దగ్గర వదిలేసి వెళ్లాడు. దారిలో ఎవరూ పల్లకీ ఆపి ‘ఈ డాక్యుమెంటు కొంచెం అర్జెంటుగా చూసి పెడతారా’ అని అడగలేదు.

మన కాలంలో కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాసిన ఎం. ఆదినారాయణ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. తెలుగులో చదవదగ్గ యాత్రాగ్రంథాలు కొలువులో ఉన్నవాళ్లూ రాశారు. బాసు ఉన్నవాడికి ఊరు దాటగానే బాసు లేడు. లేనివాడికి లడాఖులోనూ ఉన్నాడు, వాట్సాప్‌లో నీలం టిక్కులై.

అలాగని పద్యం అబద్ధమని టీకాకారుడి అభిప్రాయం కాదు. కాకినాడ మేడమ్ పాఠాల డబ్బుతో అత్తగారిని, ఆమె చెల్లెల్ని, తన కూతుర్ని వెంటబెట్టుకుని కాశీ వెళ్లొచ్చారు. వెళ్లేముందు పిల్లల తల్లిదండ్రులందరికీ రెండు వారాలు పాఠాలు ఉండవని మెసేజి పెట్టారు. ‘అనుమతించగలరు’ అని రాసి, ఎవరి అనుమతి అని తనకే సందేహం వచ్చి, ఆ మాట కొట్టేసి, ‘ఉండవు’ అని మాత్రం పంపారు. ఒకళ్లు మానేశారు. మిగతావాళ్లు ఉన్నారు. ఫీజు మాత్రం అంతకు రెండు నెలల ముందే పెంచి ఉంచారు. పై గణితం ఆవిడ నోట విన్నదే.

అలంకారం అతిశయోక్తి అని కొందరు, స్వభావోక్తి అని కొందరు. పద్యం పంపినవాడికి అది స్వభావోక్తి, అందుకున్నవాడికి అతిశయోక్తి. రసం గురించి చర్చించడానికి పేజీలు చాలవు.

గద్య

ఇది కర్త తెలియని మూలానికి, బాసు లేని ఒక టీకాకారుడు, ఇంటి నుండె, పత్రికవారికి ఇష్టమైన గడువులోపల, మాటకింత చొప్పున రచించిన టీకాతాత్పర్యం సమాప్తం. ఇన్వాయిస్ జతపరచడమైనది. ఉద్యమ్ నంబరు అందులోనే ఉంది.